తాళాలు చేసే ఆయన కొడుకు



ఈ సంచిక కోసం ఒక్కొక్క టీచరూ ఒక మహనీయుడి జీవితం రాయాలి అనుకున్నాం. నేను ఆఫీసు నుంచి వచ్చి పేరు చెప్పేలోగా గాంధీగారు, అల్లూరి సీతారామరాజు, కందుకూరి, రామానుజన్ అందరూ అయిపోయారు. అదీ ఒకందుకు మంచిదే అయింది. నేను రాయాలనుకున్న మనిషి పేరు మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది, మీ ఇంట్లో ప్రతి గోడ వెనకా ఆయన పని ఉంటుంది, కానీ ఆయన ఎవరో అడిగితే పెద్దవాళ్ళం కూడా నీళ్ళు నములుతాం. ఆయనే జార్జ్ సైమన్ ఓమ్.

ఆయన దగ్గరకి నన్ను తీసుకెళ్ళింది ఒక రైస్ కుక్కర్.

మేము జెబెల్ అలీ వచ్చిన కొత్తలో అమెరికాలో ఉండే మా బంధువు ఒకాయన ఇండియా వెళ్తూ దారిలో మా ఇంట్లో రెండు రోజులు దిగారు. వస్తూ వస్తూ ఒక రైస్ కుక్కర్ తెచ్చి ఇచ్చారు. దాని ప్లగ్గు ఇక్కడి మూడు రంధ్రాల సాకెట్లో పట్టదు కదా, కింద సూపర్ మార్కెట్లో అడాప్టర్ ఒకటి కొనుక్కొచ్చాను. మా ఆవిడ బియ్యం కడిగి పోసింది, నేను స్విచ్చి వేశాను. నాలుగు నిమిషాలు కాలేదు, నీళ్ళు పొంగి స్టవ్ గట్టు నిండా కారాయి, అడుగు నుంచి కమురు వాసన, తెల్లటి పొగ. పరుగెత్తి స్విచ్చి ఆపాను. అప్పుడు మా అబ్బాయి ఆరో తరగతి. రెండే రెండు ప్రశ్నలు వేశాడు. అమెరికా కరెంటు కంటే మన కరెంటు రెండింతలు కూడా లేదు కదా, మరి అంతలా ఎందుకు కాలింది? ప్లగ్గులో ఫ్యూజు ఉంది కదా, అదెందుకు పోలేదు?

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. చేస్తున్నది సాఫ్ట్‌వేరు. ఆ రాత్రి అన్నం బదులు ఉప్మా తింటూ, నా డిగ్రీ గురించి మా ఆవిడ వేసిన ఛలోక్తులు వింటూ, పాత లెక్కలు గుర్తు చేసుకున్నాను. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఓమ్ గారి దగ్గరే ఉంది. ముందు ఆయన కథ చెప్పి తర్వాత కుక్కర్ దగ్గరకి వస్తాను.

మా ఊళ్ళో నేను చదివింది తెలుగు మీడియం. పుస్తకంలో ఓమ్ నియమం అని చూసినప్పుడు అది మన ఓంకారానికి సంబంధించిందేమో అనుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాదు. అది ఒక జర్మన్ ఇంటి పేరు.

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళాలు చేసే పనివాడు. తల్లి ఒక దర్జీ కూతురు. ఏడుగురు పిల్లలు పుడితే బతికి పెద్దవాళ్ళయింది ముగ్గురే. జార్జ్‌కి పదేళ్ళప్పుడు తల్లి కూడా పోయింది.

ఈ తండ్రి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆయన పెద్దగా బడికి వెళ్ళినవాడు కాదు. పగలంతా ఇనుముతో, ఆకురాళ్ళతో పని. కానీ గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, తత్వశాస్త్రం తనంతట తాను చదువుకుని, మగపిల్లలిద్దరికీ ఇంట్లో తనే పాఠాలు చెప్పాడు. ఊళ్ళో బడి ఉంది, పిల్లలు వెళ్ళారు కూడా. అక్కడ ఎక్కువగా నేర్పింది పాత భాషలు, బట్టీ పట్టడం. సైన్సంతా ఇంట్లోనే. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో లాంగ్స్‌డోర్ఫ్ అనే ప్రొఫెసర్ ఒకసారి ఆ పిల్లల్ని కూర్చోబెట్టి గంటల తరబడి పరీక్షించి, స్విట్జర్లాండులో పేరున్న గణిత కుటుంబం బెర్నూలీ సోదరులతో పోల్చాడట. తాళాలవాడి ఇంట్లో అంతకంటే పెద్ద పండగ ఏముంటుంది? ఆ పోలిక వృథా పోలేదు. తమ్ముడు మార్టిన్ కూడా గణితంలో ప్రొఫెసరయ్యాడు.

జార్జ్‌కి తండ్రి నుంచి పుస్తకాల చదువుతో పాటు ఇంకో ఆస్తి కూడా వచ్చింది. చేతిపని. ఇనుమును సన్నగా అరగదీయడం, లోహాన్ని తీగగా లాగడం, వెంట్రుకవాసి తేడా లేకుండా అతకడం. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1805లో విశ్వవిద్యాలయంలో చేరాడు. చేరాక ఏం చేశాడు? నాట్యం, మంచు మీద స్కేటింగు, బిలియర్డ్స్. అవును పిల్లలూ, సైన్సు పుస్తకంలో బొమ్మ ఉన్న పెద్దమనిషే. తను నోచుకోని చదువు కొడుక్కి దొరికితే వాడు దాన్ని ఆటల్లో పారేస్తున్నాడని తండ్రికి మండిపోయింది. మూడు సెమిస్టర్లు కాగానే మాన్పించేశాడు. 1806లో, పదిహేడేళ్ళ వయసులో, స్విట్జర్లాండులో ఒక బడిలో లెక్కల మాస్టారుగా వెళ్ళాడు జార్జ్. దేశం కాని దేశంలో మొదటి ఉద్యోగం అంటే ఎలా ఉంటుందో ఈ పేజీ చదివే నాన్నలకి నేను చెప్పనక్కర్లేదు.

అక్కడ బుద్ధి కుదిరింది. లాంగ్స్‌డోర్ఫ్ హైడెల్‌బర్గ్‌కి మారితే తనూ అక్కడికి వెళ్ళి ఆయన దగ్గర చదువుతానని రాశాడు. గురువు రావద్దన్నాడు. ఆయిలర్, లాప్లాస్ వంటి వారి గ్రంథాలు నీ అంతట నువ్వే చదువుకోమని సలహా ఇచ్చాడు. జార్జ్ ట్యూషన్లు చెప్పుకుంటూ ఆ పుస్తకాలు పట్టాడు. 1811లో ఎర్లాంగెన్ తిరిగొచ్చి అదే ఏడు అక్టోబరులో డాక్టరేటు తీసుకున్నాడు.

డాక్టరేటు వచ్చింది గాని కూడు పెట్టలేదు. విశ్వవిద్యాలయంలో మూడు సెమిస్టర్లు పాఠాలు చెప్పి, ఆ ఆదాయంతో బతకలేక వదిలేశాడు. 1813లో బాంబెర్గ్ అనే ఊళ్ళో ఒక చిన్న బడిలో చేరాడు. ఆ బడి 1816లో మూతపడింది. దిగులు పోగొట్టుకోవడానికో, తన ఉనికి చాటుకోవడానికో ఆ రోజుల్లో జ్యామితి ఎలా బోధించాలో ఒక పుస్తకం రాశాడు. 1817లో అది అచ్చయింది. ప్రతి ఒకటి ప్రష్యా రాజుకి పంపాడు. రాజుకి నచ్చింది. ఆ ఏడే కొలోన్ నగరంలో జెస్యూట్ బడిలో లెక్కలు, ఫిజిక్సు చెప్పే ఉద్యోగం దొరికింది. మన భాషలో చెప్పాలంటే ఆయన పంపిన రెజ్యూమె పనిచేసింది.

ఆ బడిలో మంచి ప్రయోగశాల ఉంది. 1820లో డెన్మార్కులో ఓర్‌స్టెడ్ అనే ప్రొఫెసర్, తీగలో విద్యుత్తు పారుతుంటే పక్కనున్న అయస్కాంత సూది కదులుతుందని కనిపెట్టాడు. యూరప్ అంతా దాని గురించే మాట్లాడుకుంది. ఓమ్‌కి అప్పటికి ముప్పై దాటాయి. తరగతులు అయిపోయాక ప్రయోగశాలలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఇవాళ వోల్టేజి, కరెంటు, నిరోధం అనే మూడు మాటలు పదో తరగతి పిల్లవాడు గడగడా చెప్తాడు. మీ విల్లా పైకప్పు మీదో, ఇండియాలో తాతగారి డాబా మీదో నీళ్ళ ట్యాంకు ఉంటుంది కదా. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే నీళ్ళని అంత గట్టిగా తోస్తుంది. ఆ తోపు లాంటిది వోల్టేజి. పైపులో నిమిషానికి ఎన్ని నీళ్ళు పోతున్నాయో అలాంటిది కరెంటు. పైపు సన్నగా ఉన్నా పొడుగ్గా ఉన్నా నీళ్ళకి అడ్డు ఎక్కువ. అది నిరోధం. మనం ఇంట్లో కరెంటు పోయింది అంటాం, పవర్ పోయింది అంటాం, లైను పోయింది అంటాం, అన్నిటికీ ఒకటే అర్థం. ఓమ్ కాలంలో శాస్త్రజ్ఞుల పరిస్థితీ కొంచెం అలాగే ఉండేది. ఏ మాట దేనికో తేలలేదు. వోల్టు లేదు, ఆంపియరు లేదు. కొలిచే మీటరు అంగట్లో దొరకదు. ఓమ్ తన మీటరు తనే చేసుకోవాలి.

1825లో తొలి ప్రయోగాల ఫలితాలు అచ్చు వేశాడు. అందులో లాగరిథమ్‌తో ఒక సూత్రం ఇచ్చాడు. అది సరైనది కాదు. తప్పు లెక్కలో కంటే సరుకులో ఎక్కువ ఉంది. ఆ రోజుల బ్యాటరీ అంటే లోహపు పలకలు, మధ్యలో ఆమ్లం. ప్రయోగం మొదలుపెట్టినప్పుడు ఉన్న బలం కాసేపటికి ఉండదు. కొలబద్దే సాగుతూ ముడుచుకుంటూ ఉంటే గుడ్డ ఎలా కొలుస్తాం? అప్పుడు పోగెన్‌డోర్ఫ్ అనే పత్రికా సంపాదకుడు ఒక ఉపాయం చెప్పాడు. 1821లో సీబెక్ కనిపెట్టిన పద్ధతి ఉంది కదా, రెండు వేరు వేరు లోహాలని రెండు చోట్ల అతికి ఒక అతుకుని వేడిగా, రెండోదాన్ని చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుంది, అది వాడి చూడమన్నాడు.

ఓమ్ వెంటనే పట్టుకున్నాడు. బిస్మత్ కడ్డీకి రెండు చివర్లా రాగి అతికాడు. ఒక అతుకు మరిగే నీళ్ళ వేడిలో, ఇంకొకటి మంచుగడ్డల్లో. నీళ్ళు ఎప్పుడూ ఒకే వేడి దగ్గర మరుగుతాయి, మంచు ఎప్పుడూ ఒకే చల్లదనం దగ్గర కరుగుతుంది. అంటే తోపు మారదు. ఇప్పుడు కొలబద్ద నిలకడగా ఉంది. కరెంటుని కొలవడానికి సన్నని లోహపు పట్టీకి అయస్కాంత సూదిని వేలాడదీశాడు. కరెంటు పారితే సూది పక్కకి తిరుగుతుంది. పైన పట్టీని మెలిపెట్టి సూదిని మళ్ళీ మొదటి చోటికి తెస్తాడు. ఎంత మెలిపెట్టాల్సి వచ్చిందో అదే కరెంటు కొలత. తాళాలవాడి ఇంట్లో నేర్చుకున్న చేతిపని అంతా ఆ పరికరంలో ఉంది.

1826 జనవరిలో ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నాడు. పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్కటీ తగిలించి సూది చూశాడు. ఒక రోజు కొలతల్లో 2 అంగుళాల తీగకి 326¾ వచ్చింది. 34 అంగుళాలకి 134½. 130 అంగుళాలకి 48½. తీగ పొడుగయ్యేకొద్దీ కరెంటు తగ్గుతోంది, అది సరే. కానీ పొడవు రెట్టింపయితే కరెంటు సగం కావడం లేదు. 2 నుంచి 4 అంగుళాలకి వెళ్తే 326¾ కాస్తా 300¾ అయింది అంతే.

మనలో చాలామంది ఇక్కడ వదిలేసి చాయ్ తాగడానికి వెళ్ళిపోతాం. ఓమ్ వదల్లేదు. కరెంటు వెళ్ళేది తగిలించిన తీగలోంచి మాత్రమే కాదు, బిస్మత్ కడ్డీలోంచీ మిగతా రాగిలోంచీ కూడా. ఆ పరికరం కూడా అడ్డుపడుతుంది. ఆ అడ్డు, అదే రాగి తీగ 20¼ అంగుళాలు ఉంటే ఎంత అడ్డో అంతకి సమానం అని లెక్క తేల్చాడు. పిల్లలూ, కాలిక్యులేటరు తీయండి. తీగ పొడవుకి 20.25 కలపండి. 7285ని దానితో భాగించండి. 34 అంగుళాలకి 134.3 వస్తుంది, ఆయన చూసింది 134½. 130కి 48.5 వస్తుంది, ఆయన చూసింది 48½. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట చేత్తో చేసుకున్న పరికరం, మంచుగడ్డలు, మరిగే నీళ్ళు! మా కాలేజీ ల్యాబులో లేత నీలం రంగు డబ్బా మీటర్లతో నాకు ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. రికార్డు పుస్తకంలో మాత్రం వచ్చేది, అది వేరే కథ.

ఇదే ఓమ్ నియమం. ఆ 7285 స్థానంలో వోల్టేజి, అడుగున మొత్తం నిరోధం, వచ్చేది కరెంటు. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం.

ప్రయోగం ఒక్కటే చాలదు, ఎందుకిలా అవుతుందో గణితంలో చూపించాలి అనుకున్నాడు. ఫ్రాన్సులో ఫోరియర్ 1822లో వేడి ఒక కడ్డీలో ఎలా ప్రవహిస్తుందో గణితంతో వివరించాడు. వేడి తేడా ఉంటే వేడి పారినట్టే, విద్యుత్ తోపులో తేడా ఉంటే విద్యుత్తు పారుతుందని ఓమ్ ఊహ. పుస్తకం రాయడానికి బడికి ఏడాది సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళాడు. సగం జీతమే ఇచ్చారు. 1827లో విద్యుత్ వలయం గురించి ఆయన పుస్తకం బెర్లిన్‌లో వెలువడింది. ఇక విశ్వవిద్యాలయాలు పిలిచి పీట వేస్తాయని ఆశపడ్డాడు.

ఎవరూ పిలవలేదు. గణితంతో ప్రకృతిని లెక్కగట్టడం అప్పటి జర్మన్ భౌతికశాస్త్రంలో చాలామందికి ఒంటబట్టలేదు. చాలామంది ఆ పుస్తకాన్ని పట్టించుకోలేదు. పోల్ అనే విమర్శకుడు తీవ్రంగా తెగనాడుతూ సమీక్ష రాశాడు. అభిమానం దెబ్బతిన్న ఓమ్ 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. అది తొందరపాటేనని నా అభిప్రాయం. చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండా ఉన్నది వదలకూడదని గల్ఫులో ఉన్న ఎవరిని అడిగినా చెప్తారు. కానీ పదేళ్ళు ఒక పని మీద కూర్చున్న మనిషికి అది ఎలా అనిపించి ఉంటుందో బయటినుంచి చెప్పడం సులువే. తర్వాత ఐదేళ్ళు బెర్లిన్‌లో సైనిక పాఠశాలలో వారానికి కొన్ని గంటలు లెక్కలు చెప్పుకుంటూ, దొరికిన చిన్న పనులు చేసుకుంటూ గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. 1833లో నురెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసరుగా తీసుకున్నారు. అప్పటికి నలభై నాలుగేళ్ళు. ఇప్పుడు అదే ఊళ్ళో ఉన్న సాంకేతిక విద్యాసంస్థకి ఆయన పేరే ఉంది.

ఇంకో విచిత్రం. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అనే ధనవంతుడు 1781లోనే ఇదే నియమాన్ని గమనించాడు. ఆయన దగ్గర మీటరు కూడా లేదు, తన ఒంటికి తగిలిన షాకు ఎంత గట్టిగా ఉందో దాన్నిబట్టి అంచనా కట్టేవాడు. (పిల్లలూ, ఇది మాత్రం చేయకండి.) ఎవరికీ చెప్పలేదు. ఆ కాగితాలు 1879లో మాక్స్‌వెల్ అచ్చు వేయించేదాకా లోకానికి తెలియలేదు.

ఓమ్‌కి గుర్తింపు బయటి దేశం నుంచి వచ్చింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ తన అత్యున్నత పురస్కారం కోప్లీ పతకం ఇచ్చింది. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది కూడా ఆ ఏడే. 1843లో వీట్‌స్టన్ అక్కడే ఓమ్ నియమం ఆధారంగా నిరోధాన్ని ఖచ్చితంగా కొలిచే పద్ధతులు వివరించాడు. అదే రోజుల్లో మాంచెస్టరు దగ్గర బీరు తయారుచేసే వ్యాపారి కొడుకు జేమ్స్ జౌల్, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గం మీద ఆధారపడుతుందని కొలిచి చూపించాడు. కరెంటు రెండింతలయితే వేడి నాలుగింతలు. మా అబ్బాయి మొదటి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది.

ఇప్పుడు మన సముద్రం దగ్గరకి వద్దాం. మీలో చాలామంది ముసందం వెళ్ళి పడవెక్కి డాల్ఫిన్లని చూసి ఉంటారు. అక్కడ కొండల మధ్య చిన్న దీవి ఒకటి చూపించి టెలిగ్రాఫ్ ఐలాండ్ అంటారు, గుర్తుందా? 1864లో ఇండియాకీ ఇంగ్లండుకీ తంతి కలపడానికి గ్వాదర్ నుంచి ముసందం మీదుగా బుషెహర్, ఫావ్ దాకా ఈ గల్ఫు అడుగున కేబులు వేశారు. ఆ దీవి మీద తంతి కేంద్రం కొద్ది ఏళ్ళు నడిచింది. సముద్రం అడుగున కేబులు తెగితే ఎక్కడ తెగిందో ఎలా తెలుస్తుంది? ఒడ్డున కూర్చుని నిరోధం కొలుస్తారు. కిలోమీటరు కేబులుకి 4 ఓమ్‌లు అనుకుందాం. తెగిన చోట రాగి ఉప్పునీటికి తగిలి వలయం పూర్తవుతుంది. ఒడ్డున మీటరు 200 ఓమ్‌లు చూపిస్తే సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో వెతకాలి. ఓడ నేరుగా అక్కడికే వెళ్తుంది. ఎవరూ పట్టించుకోని పుస్తకం వ్యాపారులకి బంగారమయింది.

ఇంకా విశేషం ఏమిటంటే, ఈ గల్ఫు కేబులు పని చూసిన ఇంజనీర్లు చార్లెస్ బ్రైట్, లాటిమర్ క్లార్క్. విద్యుత్ కొలమానాలకి శాస్త్రజ్ఞుల పేర్లు పెడదామని 1861లో ప్రతిపాదించింది ఈ ఇద్దరే. వారి జాబితాలో ఓమ్ పేరు ఉంది. ఏ పేరు దేనికి అన్నది తర్వాత అటూ ఇటూ మారింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో నిరోధానికి ఓమ్ అని స్థిరపడింది.

అది చూడడానికి ఆయన లేడు. బతుకంతా కోరుకున్న విశ్వవిద్యాలయ పీఠం మ్యూనిక్‌లో 1852లో దక్కింది. అప్పటికి అరవై మూడేళ్ళు. రెండేళ్ళు పాఠాలు చెప్పాడు. 1854 జూలై 6న మ్యూనిక్‌లోనే కన్నుమూశాడు.

సరే, కుక్కర్ దగ్గరకి వద్దాం. ప్రతి విద్యుత్ వస్తువు అడుగునా ఒక చిన్న రేకో కాగితమో అంటించి ఉంటుంది. దాని మీద వోల్టులు, వాట్లు ఉంటాయి. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వాట్లు. ఇంగ్లీషులో పవర్ అనేదాన్ని మన పుస్తకాల్లో సామర్థ్యం అంటారు. మా కుక్కర్ మీద 120 వోల్టులు, 600 వాట్లు అని ఉంది. 600ని 120తో భాగిస్తే 5 ఆంపియర్లు. 120ని 5తో భాగిస్తే 24 ఓమ్‌లు. ఇది దాని వేడి పలక నిరోధం. మనం దాన్ని అమెరికాలో పెట్టినా దుబాయిలో పెట్టినా పలక అదే, 24 ఓమ్‌లే.

ఇక్కడ వోల్టేజి 230. 230ని 24తో భాగిస్తే 9.6 ఆంపియర్లు. 230ని 9.6తో గుణిస్తే సుమారు 2,200 వాట్లు. 600 వాట్లకి చేసిన పలక మీద 2,200 వాట్లు! తోపు రెండింతలకి కాస్త తక్కువ, కరెంటూ అంతే, రెండూ గుణించుకుంటే వేడి మూడున్నర రెట్లు దాటిపోయింది. అడాప్టరు ప్లగ్గు ఆకారం మార్చింది గాని వోల్టేజిని మార్చలేదు. అది మార్చడానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

మరి ఫ్యూజు? అడాప్టరులో ఉన్నది 13 ఆంపియర్ల ఫ్యూజు. వెళ్ళింది 9.6. ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ఫ్యూజు కాపాడేది తీగని. చివర తగిలించిన వస్తువు ఎన్ని వోల్టులకి చేసిందో దానికి తెలియదు. ఆ సంగతి నాకు ఇంజనీరింగు పరీక్షల్లో ఎవరూ అడగలేదు, ఆరో తరగతి పిల్లవాడు అడిగాడు.

ఇదే లెక్క తిరగేస్తే మీ అమ్మానాన్నలకి ఇంకొకటి గుర్తొస్తుంది. మా ఊళ్ళో సాయంత్రం మోటార్లన్నీ నడిచే వేళకి వోల్టేజి పడిపోయేది. 230 ఉండాల్సింది 160 అయితే వచ్చే సామర్థ్యం సుమారు సగం. అందుకే వంద వాట్ల బల్బు లాంతరులా ఎర్రగా వెలిగేది. నిజానికి బల్బు లెక్క ఇంత సూటిగా ఉండదు. వేడెక్కేకొద్దీ దాని లోపలి తీగ నిరోధం పెరుగుతుంది. 230 వోల్టుల 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓమ్‌లు, ఆరిపోయి చల్లబడ్డాక కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు.  అలాగే ఏసీలు, మిక్సీల వంటి మోటార్ల దగ్గర వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వచ్చింది అసలు వాట్ల కంటే కొంత ఎక్కువగా ఉంటుంది. కుక్కర్, గీజరు, ఇస్త్రీపెట్టె, కెటిల్ వంటి వేడి చేసే వాటికి మాత్రం ఈ లెక్క చక్కగా సరిపోతుంది.

ఒక లెక్క మీకు వదులుతున్నాను. 2,200 వాట్ల కెటిల్, 1,600 వాట్ల ఇస్త్రీపెట్టె ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి బడికి వెళ్ళే హడావిడిలో రెండూ ఆన్ చేశారు. బోర్డు మీద 13 ఆంపియర్లు అని రాసి ఉంది. ఎన్ని ఆంపియర్లు లాగుతున్నాయో చూడండి. తర్వాత వెళ్ళి మీ ఇంట్లో బోర్డు ముట్టుకోకుండా, దానికి ఏమేం తగిలించి ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. దాన్ని వచ్చే శనివారం తరగతికి తెస్తే కూడి చూద్దాం.

ఆ కుక్కర్ చాలా ఏళ్ళు స్టోరు గదిలో పైన పడి ఉంది. ఈ వ్యాసం రాస్తూ దించాను. మా అబ్బాయి ఇప్పుడు నా కంటే పొడుగు. ప్లగ్గు దేనికీ తగిలించకుండా పక్కన పెట్టి, అడుగున మరలు తీసి చూశాం. లోపల వేడికి తెగిపోయే చిన్న ఫ్యూజు ఒకటి ఉంది, తెగిపోయింది అదే. పలక బాగానే ఉంది. మల్టీమీటరు రెండు కొసలూ పలక చివర్లకి ఆనించాం. 23.6 అని చూపించింది.